పేరు దాచిన టీచరు

ఫిజిక్స్ మేడంకి ఫారాలంటే ఒళ్ళుమంట. అందులోనూ ప్రొఫెసర్ పదవికి పెట్టుకునే ఫారం అంటే మరీను. పద్నాలుగు పేజీల ఆ ఫారంలో అసలైనవి రెండే రెండు గళ్ళు. ఒకటి పరిశోధన, రెండోది బోధన. తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్న పనేమో సరిగ్గా ఆ రెండు గళ్ళ మధ్య గీత మీద కూర్చుంది. పిల్లలకు పాఠం ఎక్కుతోందా లేదా, ఎక్కకపోతే ఎందుకు ఎక్కడం లేదు అని పరిశోధించడం ఆమె పని. ఏ గడిలో పెట్టమంటారు దాన్ని?

నాలుగేళ్ళ కిందట మొదటిసారి పరిశోధన గడిలో పెట్టింది. "ఇది పాఠాలు చెప్పుకోవడం గురించి కదా, పరిశోధన ఎలా అవుతుంది?" అని కమిటీ తిప్పి పంపింది. సరే, మీ మాటే కానివ్వండి అనుకుని రెండేళ్ళ కిందట బోధన గడిలోకి మార్చింది. "ఇవి పేపర్లు కదా, బోధన ఎలా అవుతుంది?" అంది అదే కమిటీ. అక్కడితో ఊరుకోకుండా, టీచర్లకు పిల్లలిచ్చే మార్కులు తీసి చూపించి, "మీకన్నా మెరుగ్గా చెప్పేవాళ్ళు మీ డిపార్టుమెంటులోనే ఉన్నారు" అని పుండు మీద కారం కూడా చల్లింది. మూడోసారి కూడా కాదంటే ఇక జన్మలో పెట్టుకోవడానికి వీల్లేదు. అది ఆ యూనివర్సిటీ రూలు.

పదవి ఒక్కటే అయితే ఆమె ఇంత బెంగపడేది కాదేమో. ఈసారి రాకపోతే మొదటి సంవత్సరం క్లాసు ఇంకొకరికి ఇచ్చేసి, ఆమెను మళ్ళీ పాత ల్యాబుకి పంపిస్తామని హెడ్డుగారు టైంటేబుల్ మీటింగులో అందరి ముందూ చెప్పేశారు. క్లాసు చేతిలో లేకపోతే ఆమె పరిశోధనకు చోటే లేదు. తొమ్మిదేళ్ళ కష్టం బుట్టదాఖలు అయిపోతుంది.

ఈ హెడ్డుగారికి పిల్లలు పెట్టిన పేరు మైకు సారు. ఆయన పాఠం చెబితే మైకు అక్కర్లేదు, కింద సైకిలు స్టాండు దాకా వినిపిస్తుంది. గొప్ప వక్త. ఒక సెక్షన్‌కి ఆయన, ఇంకో సెక్షన్‌కి ఈవిడ, ఇద్దరూ ఒకే పాఠాలు చెబుతారు. ఒకప్పుడు మంచి స్నేహంగానే ఉండేవారు. సుద్దముక్కలు అరువు తీసుకునేవారు, ఒకరి క్లాసు ఒకరు చూసుకునేవారు. ఎనిమిదేళ్ళ నుంచి మాత్రం ఆయన ఆమెతో మాట్లాడటం మానేశారు. ఏదైనా చెప్పాలంటే కాగితం మీద రాసి అటెండరుతో పంపుతారు. వరండాలో ఎదురుపడితే పైకప్పులో బూజు ఎంత పేరుకుందో చూసుకుంటూ వెళ్ళిపోతారు. తన పనంటే ఆయనకు చిన్నచూపని ఆమె అనుకుంది. ల్యాబు వదిలేసి బల్బులు పట్టుకుందని స్టాఫ్ రూములో అనేవాళ్ళకేం తక్కువ లేదు, వాళ్ళలో ఈయనొకరు అనుకుని ఊరుకుంది.

బల్బుల గొడవ ఏమిటంటే, దానికి మూలం ఆమె అత్తగారు.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆ రోజు మేడం కరెంటు గురించి చెప్పిన పాఠానికి నూట నలభై మంది పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయింది. అత్తగారు ముప్పై ఏళ్ళు కుట్టు సెంటర్లో నేర్పిన మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని అంతా విని, "చప్పట్లు సరేనమ్మా, వాళ్ళకి వచ్చిందా?" అంది.

"రాకుండా ఎందుకు చప్పట్లు కొడతారు అత్తయ్యా?"

"ఏమో మరి. మా సెంటర్లో నేను చెప్తుంటే ఒక్కొక్కత్తీ తల ఊడిపోయేలా ఊపేది. తీరా కత్తెర చేతికిస్తే చంక కత్తిరించాల్సిన చోట మెడ కత్తిరించేది. నీ పిల్లలకి కత్తెర ఇచ్చి చూశావా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆర్నెల్లు ఆగి, అదే పిల్లలకు చెప్పాపెట్టకుండా ఒక ప్రశ్న ఇచ్చింది. ఒక బ్యాటరీ, ఒకే తీగ మీద ఒకదాని తర్వాత ఒకటి ఒకేలాంటి రెండు బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుంది? రెండూ ఒకేలా వెలుగుతాయి. అంతకంటే తేలికైన ప్రశ్న ఇవ్వలేం. చప్పట్లు కొట్టిన నూట నలభై మందిలో తొంభై ఒక్క మంది మొదటి బల్బు అని రాశారు. కరెంటు ముందు దాని దగ్గరికే వస్తుంది కదా, అది తాగగా మిగిలిందే రెండోదానికి అట!

ఆ కాగితాలు చూసి మేడం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు లేచి కూర్చుని, ఎందుకిలా జరిగింది అని తవ్వడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పిల్లనీ పిల్లాణ్ణీ కూర్చోబెట్టి అడిగింది. అర్థమయిందేమిటంటే, ఆమె పాఠం ఎంత నున్నగా సాగిందంటే, పిల్లల బుర్రలో అంతకుముందే ఉన్న తప్పు ఆలోచనకు ఎక్కడా తగల్లేదు. దాని పక్క నుంచి జారిపోయింది. అదంతా లెక్కలతో సహా పేపరు రాసింది. పేరున్న టీచరు చెప్పిన గొప్ప పాఠం పిల్లలకు ఏమీ నేర్పలేదు అని దాని సారాంశం. అప్పటి నుంచి ఉపన్యాసం మానేసింది. ముందు పిల్లల చేత తమకు తోచిన జవాబు రాయించేది, పక్కవాళ్ళతో వాదించుకోమనేది, ఆ తర్వాత బల్బులూ తీగలూ చేతికిచ్చి మీరే చూసుకోండి అనేది. ఏడాది తిరిగేసరికి తప్పు రాసేవాళ్ళు ముప్పైకి దిగారు. కానీ పిల్లలకు మాత్రం కోపం. "జవాబు అడిగితే చెప్పదు, జీతం మాత్రం తీసుకుంటుంది" అని రాసి, పదికి అయిదు మార్కులు వేసేవారు.

ఈ మూడోసారి ఫారం నింపడానికి కూర్చున్నప్పుడు ఆమెకు విసుగు తలకెక్కింది. అన్నిటికన్నా పైన ఆ మొదటి పేపరే పెట్టింది. పరిశోధన గడిలోనూ అదే రాసింది, బోధన గడిలోనూ అదే రాసింది. స్టాఫ్ రూములో చూసినవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఇంట్లో భర్త, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, ఫారం అంతా చదివి, "తప్పులేం లేవు గానీ, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావేమో చూసుకో" అన్నాడు.

"తవ్వనివ్వరా దాన్ని. ఎన్నాళ్ళని అటొకసారి ఇటొకసారి గళ్ళు మారుస్తుంది?" అంది అత్తగారు.

ఇంటర్వ్యూ రోజు పొడవాటి బల్లకి అటు పక్క అయిదుగురు, ఇటు పక్క ఈవిడ ఒక్కతే. మధ్యలో కమిటీకి పెద్దగా ఉన్న ఆవిడ, ఆమెకు కుడి పక్క మైకు సారు. ఎడమ పక్కన బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన, లోహాల మీద పనిచేసి తల నెరిసినవారు. ఎంతమంది ఆశల మీద నీళ్ళు చల్లారో లెక్కలేదని ఆయన గురించి చెప్పుకునేవారు. ఆయన ముందు మేడం పేపరు ఉంది. అందులో పేజీ పేజీకీ చీటీలు పెట్టి ఉన్నాయి. ఆ చీటీలు చూడగానే మేడంకి నోరు ఎండిపోయింది. గ్లాసులో నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేసింది.

"ఈ పేపరు నేను మూడుసార్లు చదివాను మేడం," అన్నారు పెద్దాయన. "లెక్కలు బాగున్నాయి. కానీ ఒక్కటి నాకు మింగుడుపడలేదు. ఇందులో 'టీచర్ ఎ' అని ఒకరున్నారు. ఆడో మగో రాయలేదు. పదిహేనేళ్ళ అనుభవం, పాఠం చెబితే పిల్లలు చప్పట్లు కొడతారు, అని మాత్రం రాశారు. మీరు ఆ మనిషి క్లాసు పట్టుకుని, ఇదిగో వీళ్ళకి ఏమీ రాలేదు అని లోకానికంతా చాటారు. అవునా?"

"అవునండి."

"తోటి మాస్టారి పరువు తీసేముందు ఆయన్ని ఒక్క మాట అడిగారా?"

మైకు సారు మొహం కందగడ్డలా అయిపోయింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన పైకప్పు వైపు కాకుండా ఆమె మొహంలోకి సూటిగా చూశారు.

మేడంకి ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. అలాంటి చోట నవ్వకూడదని తెలుసు, అయినా ఆగలేదు.

"తోటి మాస్టారెవరండీ? ఆ టీచర్ ఎ నేనే."

"మీరా?"

ఆ మాట అన్నది పెద్దాయన కాదు, మైకు సారు.

"నేనే సార్. నా క్లాసే, నా పాఠమే, నా చప్పట్లే. పిల్లల పేర్లు బయట పెట్టకూడదు, అది రూలు కదండీ. టీచరు పేరు చెబితే పిల్లలెవరో ఇట్టే తెలిసిపోతుందని అదీ దాచాను. ఇంకో సంగతి కూడా ఉంది. రాసిందీ నేనే, ఓడిపోయిందీ నేనే అని చెప్పుకుంటే చదివేవాళ్ళు అయ్యో పాపం అంటారే గానీ లెక్క చూడరని భయపడ్డాను. అది చదివి ఇంకెవరి గురించో అనుకుంటారని నాకు తట్టనే లేదు."

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, "ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పానమ్మా. నాకూ చప్పట్లు కొట్టారు. వాటిని నేను ఒక్కనాడూ అనుమానించలేదు," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. "సరే, ఇది చెప్పండి. రెండు గళ్ళలోనూ ఒకే పేపరు రాశారు. అది తప్పు కాదూ?"

"తప్పేనండి. మూడో గడి ఇచ్చి ఉంటే అందులో రాసేదాన్ని."

కమిటీ పెద్దావిడ నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు తాగారు. తర్వాత ఆనవాయితీ ప్రకారం మైకు సారు వైపు తిరిగి, డిపార్టుమెంటు అభిప్రాయం ఏమిటని అడిగారు. గడిచిన రెండుసార్లూ ఈ ప్రశ్న దగ్గరే మేడం పడవ మునిగింది. పనిలో పస లేదని రెండుసార్లూ చెప్పింది ఆయనే. మేడం చీర కొంగు వేలికి చుట్టుకుని బల్ల అంచు చూస్తూ కూర్చుంది.

మైకు సారు నీళ్ళు నమిలారు. ఏదో అన్నారు. సైకిలు స్టాండు దాకా వినిపించే గొంతు బల్ల అవతలికి కూడా రాలేదు.

"ఏమన్నారు?" అన్నారు కమిటీ పెద్దావిడ.

"అభ్యంతరం లేదన్నాను." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఎప్పుడో ఇచ్చి ఉండాల్సింది."

మేడంని బయట కూర్చోమన్నారు. వరండాలో చెక్క బెంచీ మీద అరగంట కూర్చుంది. ఆ అరగంటలో ఎదురుగోడకి ఉన్న నోటీసులన్నీ చదివేసింది, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మళ్ళీ పిలిచి, అయిదుగురూ ఒకే మాట మీద సిఫార్సు చేస్తున్నామని చెప్పారు. మొదటి సంవత్సరం క్లాసు ఆమె దగ్గరే ఉంటుందని కూడా కాగితం మీద రాయించారు.

గుండెల మీద నుంచి బండరాయి దింపినట్టయింది. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది. అమ్మయ్య, అమ్మయ్య, అని పదిసార్లు అనుకుంది. మొహం కడుక్కుని బయటికొచ్చి ఇంటికి ఫోను చేసింది.

"వచ్చింది అత్తయ్యా."

అవతల అత్తగారు ముక్కు చీదిన శబ్దం వినబడింది. "మంచిదమ్మా. ఇక ఆ కాగితాలు భోజనాల బల్ల మీద నుంచి తీసెయ్. నాలుగేళ్ళ నుంచి మూలకి కూర్చుని తింటున్నాం," అంది.

ఫోను పెట్టేలోపే అటెండరు వచ్చాడు. హెడ్డుగారు రమ్మంటున్నారని చెప్పాడు. చేతిలో కాగితం లేదు, నోటి మాటే.

మైకు సారు గదిలో కుర్చీలో కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె రాగానే, "కూర్చోమ్మా," అన్నారు. ఎనిమిదేళ్ళుగా మేడం, మేడం అని రాసి పంపిన మనిషి.

"అది నేనేననుకున్నాను," అన్నారు.

"ఏది సార్?"

"ఆ టీచర్ ఎ. పదిహేనేళ్ళ అనుభవం. నాకప్పటికి పదహారు. చప్పట్లు. ఆ ఏడాది నువ్వు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని విన్నావు కూడా. నా క్లాసులోనూ అప్పుడు నూట నలభై మందే, నాకు తెలియకుండా వాళ్ళకే ఆ ప్రశ్న ఇచ్చావనుకున్నాను. ఇంకెవరనుకోమంటావు? నన్ను ఊరందరి ముందూ బట్టలిప్పి నిలబెట్టావనుకున్నాను. కడుపులో పెట్టుకున్నాను. రెండుసార్లు అడ్డుపడింది నేనే. పని బాగోక కాదు."

మేడంకి అప్పటిదాకా ఉన్న తేలికదనమంతా ఒక్కసారిగా కోపం అయిపోయింది. "నాలుగేళ్ళు సార్! నాలుగేళ్ళు నాకు చేతకాదేమో అని నేను చచ్చిపోయాను. ఒక్క మాట అడిగితే పోయేది కదండీ?"

"ఏమని అడగను? ఆ చేతకానివాణ్ణి నేనేనా అని అడగమంటావా?"

తొంభై ఒక్క మంది తప్పు రాసిన కాగితాలు ముందేసుకుని రెండు రోజులు తను ఏం చేసిందో ఆమెకు తెలుసు. అది తనేనని ఒక్కరితోనూ నోరు విప్పి చెప్పుకోలేదు, అత్తగారితో తప్ప. ఎవరైనా అడిగితే ఏం చేసేదో ఆమెకే తెలియదు.

ఆయన బీరువా తాళం తీశారు. అడుగు అరలోంచి కాగితాల కట్టలు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టారు. ఎనిమిది కట్టలు. ఒక్కోదానికీ దారం కట్టి, పైన సంవత్సరం వేసి ఉంది.

"నీ పేపరు వచ్చిన వారానికే నా కొత్త క్లాసుకి అదే ప్రశ్న ఇచ్చాను. నువ్వు రాసింది అబద్ధమని నిరూపిద్దామని. నూట ఇరవై మందిలో ఎనభై మూడు మంది మొదటి బల్బే అన్నారు." ఆయన మొదటి కట్ట మీద చెయ్యి వేశారు. "ఇక అప్పుడు నమ్మకం కుదిరిపోయింది, నువ్వు రాసింది నా గురించేనని. తర్వాతి ఏడాది తలుపులు వేసుకుని, ఎవరూ చూడకుండా, నీ రెండో పేపరులో ఉన్నది ఉన్నట్టు చేయించాను. తోచింది రాయండి, కొట్టుకోండి, తీగలు కలిపి చూడండి. బల్బులు నా డబ్బులతోనే కొన్నాను, స్టోరు పుస్తకంలో రాస్తే నీకు తెలిసిపోతుందని. ఎప్పటికప్పుడు కొంచెం కొంచెం మార్చుకుంటూ వచ్చాను. కిందటేడు తప్పు రాసింది పంతొమ్మిది మంది."

"నాకు ముప్పై దగ్గర ఆగిపోయింది!" అంది మేడం, తెలియకుండానే.

"తెలుసు. నీ పేపర్లన్నీ చదివాను. నువ్వు పిల్లల్ని వాదించుకోమనే ముందు ఎక్కువసేపు ఆగవు. నేను ఆగుతాను. అందులో ఉంది కిటుకు."

ఆమె ఇన్నేళ్ళూ తన పేపర్లు రాసి గాలిలో వదిలినట్టే అనుకుంది. ఎవరు చదువుతున్నారు, ఎవరికి పట్టింది అని కుమిలిపోయింది. తీరా చూస్తే అక్షరం వదలకుండా చదివి, చేసి చూసి, తనకన్నా ముందుకెళ్ళిన మనిషి ఎదురు గదిలోనే ఉన్నాడు. పదవి వచ్చినప్పటి కంటే ఇప్పుడు ఎక్కువ హాయిగా అనిపించింది. కోపం పోయిందా అంటే పోలేదు. కోపమూ ఉంది, హాయీ ఉంది.

"క్షమించమని అడిగే మొహం లేదమ్మా నాకు. ఇవి మాత్రం తీసుకో. ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

"నేను తీసుకోవడమేంటి సార్? ఇది పేపరు. పెద్ద పేపరు. ఇద్దరం కలిసి రాయాలి." ఆమె అప్పటికే కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. "మీకేం మొహమాటం అక్కర్లేదు. టీచర్ బి అని పెడదాం. మీరని ఎవరికీ తెలియదు."

మైకు సారు గొంతు మళ్ళీ మామూలు మైకు గొంతయింది. బయట స్టూలు మీద కునికిపాట్లు పడుతున్న అటెండరు ఉలిక్కిపడి లేచాడు.

"వద్దు తల్లీ, నీకో దండం! శుభ్రంగా నా పేరే వెయ్యి. లేకపోతే ఆ టీచర్ బి తనేననుకుని ఇంకెక్కడో ఇంకొకడు ఎనిమిదేళ్ళు కుళ్ళి చస్తాడు."

మేడం నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆయనా నవ్వబోయి, నవ్వలేక, ఎదురు కుర్చీలో కూలబడి తల వంచుకున్నారు. ఆమె కాసేపు ఆగి, తెల్ల కాగితం ఒకటి తీసుకుని, పైన ముందు ఆయన పేరు రాసి, దాని కింద తన పేరు రాసింది.